తలుపుతో సహా మారిన ఇల్లు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. బదిలీల ఉద్యోగి తన పెళ్ళాన్ని ఎన్ని ఊళ్ళు తిప్పుతాడో ఇంతవరకూ ఎవరూ సామెత కట్టలేదు. కట్టబోయినవాడికి సామెత సగంలో ఉండగానే బదిలీ అయిపోయి ఉంటుంది.

లెక్కలమ్మ మొగుడిది అలాంటి ఉద్యోగమే. పెళ్ళైన నాటినుంచి ఆమె ఏ ఊళ్ళోనూ గట్టిగా వేళ్ళూనుకున్నది లేదు. దిగగానే “కొత్తగా వచ్చిన గుమాస్తా గారి భార్య” అంటారు. నాలుగిళ్ళవాళ్ళకి ఆమె అసలు పేరు నోరు తిరిగే వేళకి వీధిలో లారీ నిలబడుతుంది. “మనింట్లో గిన్నెలకి కూడా లారీ ఎక్కడం వచ్చేసిందే అమ్మాయ్, ఒక్క కేకేస్తే చాలు, పెద్ద గుండిగ ముందు, గరిటెలు వెనక, వరసలో నిలబడతాయి,” అనేది అత్తగారు. ఆవిడ చెప్పే మాటల్లో నీళ్ళ పాలు ఎక్కువే గానీ, పాలు కూడా ఉంటాయి.

ఈ ఊరొచ్చాక మాత్రం ఒక మంచి పని దొరికింది. రాష్ట్రంలోకి ఏ కుటుంబాలు ఎక్కడినుంచి వస్తున్నాయి, రాష్ట్రం లోపల ఎవరు ఏ ఊరునుంచి ఏ ఊరికి, ఏ వీధినుంచి ఏ వీధికి మారుతున్నారు అన్నది ఇంటింటికీ తిరిగి రాసే పని. ప్రస్తుతానికి తాత్కాలికమే. ఆమె చేతిలో అట్ట, మెడలో కార్డు, సంచిలో ఎర్రరంగు డబ్బా, ఒక కుంచె. గుమ్మం పక్కన నంబరు వేయాలి, కూర్చోమంటే కూర్చోవాలి, లేకపోతే నిలబడే అడగాలి. ఇంతకుముందు ఎక్కడుండేవారు, ఎందుకు కదిలారు, ఎవరెవరు వచ్చారు, ఎవరు అక్కడే ఉండిపోయారు.

జనం జవాబులు చెప్పడంలో ఒకరిని మించినవారు ఒకరు. “ఎందుకు కదిలారు?” అంటే ఒకాయన తన పెద్ద బావమరిది పుట్టుక దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నానికి గానీ చిన్న బావమరిది దాకా రాలేదు. ఇంకో ముసలాయన, “నేనెక్కడికీ కదల్లేదమ్మా, మా ఊరే నన్నొదిలేసి పోయింది,” అన్నాడు. కంగారుపడి ఆరా తీస్తే, ఊరివాళ్ళంతా రోడ్డు పక్కకి మారిపోయారట, ఈయనొక్కడూ పంతానికి మిగిలి, ఉప్పు అప్పడగడానికి కూడా మనిషి దొరక్క చివరికి ఇక్కడికొచ్చాడట. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక లెక్కలమ్మ రెండు గడుల మీదుగా రాసింది.

వీధుల్లో ఆమెకి లెక్కలమ్మ అన్న పేరు అలా పడింది. మొగుడి ఉద్యోగంతో సంబంధం లేని పేరు. దానికే ఆమె లోలోపల మురిసిపోయింది.

పని పూర్తయ్యాక ఇద్దరిని ఆఫీసులో పర్మనెంటు చేస్తారని పైనుంచి మాట వచ్చింది. పర్మనెంటయితే ఆమె ఈ ఊరి ఉద్యోగి. అప్పుడు లారీ వచ్చినా ఆమె ఎక్కనక్కర్లేదు. పర్మనెంటు కాకపోతే, మొగుడికి రేపో మాపో రానున్న బదిలీ కాగితం వెంట మళ్ళీ గిన్నెలూ తనూ ఎక్కాల్సిందే. ఎవరిని ఉంచాలన్నది తనిఖీ చేసే పెద్దమనిషి రాసేదాన్ని బట్టి ఉంటుంది. ఆ పెద్దమనిషి పేరు భూతద్దం.

అసలు పేరు వేరే ఉంది గానీ, సీసా అడుగంత మందాన ఉండే ఆ కళ్ళజోడు చూశాక ఎవరికీ అసలు పేరు గుర్తుండదు. ఆయన వంగి చూస్తే చీమ కూడా ఆగి తన అడ్రసు చెప్పి కదులుతుందని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన అనుమానానికీ కారణం లేకపోలేదు. వెనకటి లెక్కల్లో ఒక మహానుభావుడు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వీధి వీధంతా సృష్టించాడు. ఇంటికో మోకాళ్ళ నొప్పుల అవ్వని కూడా పెట్టాడు, నమ్మకంగా ఉంటుందని. భూతద్దం తనిఖీకి వెళ్తే ఆ వీధి ఉండాల్సిన చోట చెరువుంది. “చేపలక్కూడా వృత్తి రాశాడమ్మా,” అని ఆయన ఇప్పటికీ బాధపడతాడు. ఆనాటినుంచి నంబరు ఇంటి మీద కనబడితేనే ఇల్లున్నట్టు, ఆ నంబరుతో సహా ఫోటో తీస్తేనే లెక్క అయినట్టు.

లెక్కలమ్మకి ఆ భయం లేదు. ప్రతి ఇంటికీ తన కాళ్ళతో తనే వెళ్ళింది. చెప్పుల అడుగులు అరిగి, కింద రూపాయి బిళ్ళ తొక్కితే బొమ్మో బొరుసో తెలిసే దాకా వచ్చాయి.

తంటా వచ్చింది సున్నం పిన్ని ఇంటి దగ్గర.

సున్నం పిన్ని ఇంటికి ఏటా సున్నం వేయిస్తుంది. వేయించిన నాటినుంచి మళ్ళీ వేయించేదాకా ఆ గోడని ఎవరూ ముట్టకుండా కాపలా కాస్తుంది. గోడ మీద వాలిన ఈగని కాళ్ళు తుడుచుకుని రమ్మనే రకం. లెక్కలమ్మ వెనక వాటాకి నంబరు వేయబోయి కుంచె ఎత్తగానే పిన్ని ఎక్కడినుంచి ఊడిపడిందో ఊడిపడింది.

“ఏమ్మాయ్, ఏమిటా ఎర్రరంగు?”

“నంబరండీ. గుమ్మం పక్కన వేయాలి.”

“నా గోడ మీదా? మొన్ననే సున్నం ఆరింది. నీ నంబరు నీ నెత్తిన వేసుకో తల్లీ, గోడ జోలికి రాకు.”

“చిన్న నంబరేనండీ.”

“చిన్న మసి అయినా మసే. కావాలంటే తలుపు మీద వేసుకుపో. తలుపు సంగతి నాకు పట్టదు.”

రూలు ప్రకారం గోడ మీద వేయాలి. కానీ ఎండ నడినెత్తికి వచ్చింది, పిన్ని నోరు దానికన్నా పైకి వచ్చింది. లెక్కలమ్మ ఒక నిట్టూర్పు విడిచి వెనక వాటా తలుపు మీద నూట పద్దెనిమిది అని వేసింది. గోధుమరంగు తలుపు, బరువైనది, నున్నగా చిత్రిక పట్టినది. ఆ ఇంటికి ఎక్కువే అనిపించే తలుపు. పక్కన ద్వారబంధానికీ దానికీ మధ్య సన్నటి చెక్క పట్టీ ఒకటి బిగించి ఉంది. ఎందుకో అనుకుని వదిలేసింది.

ఆ వాటాలో ఉండేది ఒక వడ్రంగి, అతని భార్య. భార్య మంచినీళ్ళిచ్చి, అడిగిన వాటన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. ఊరు విడిచి వచ్చింది పెళ్ళైన కొత్తలోనట. ఆ తర్వాత మారినవన్నీ అద్దె ఇళ్ళు.

“ఎందుకు మారారు?” అంది లెక్కలమ్మ.

“ఇంటికో కారణం అక్కా. ఒకరికి సుత్తి చప్పుడు పడదు, ఒకరికి చెక్క వాసన పడదు. ఈవిడకి రంపంపొట్టు పడదు. గాలికి లేచి గోడకి అంటుకుంటుందట.” గొంతు తగ్గించింది. “ఎన్నాళ్ళుంచుతుందో చూడాలి.”

లెక్కలమ్మ నవ్వి, రాసుకుని, నూట పంతొమ్మిదికి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి భూతద్దం తనిఖీకి వచ్చాడు. ఒక్కడే వచ్చి, వీధులన్నీ తిరిగి, మూడో రోజు ఆమెని ఆఫీసుకి పిలిచాడు. పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటేనే ఏదో పుట్టి మునిగిందని అర్థం.

“అమ్మా, మీ కాగితాలు బాగున్నాయి. దస్తూరీ బాగుంది. కానీ నూట పద్దెనిమిది లేదు.”

“లేకపోవడమేంటి సార్, సున్నం గోడ ఇల్లు, వెనక వాటా.”

“వెళ్ళాను. ఖాళీ వాటా. తాళం. ఆకుపచ్చ తలుపు, దాని మీద వేలెడు మందాన దుమ్ము. ఆ తలుపు పుట్టాక ఎర్రరంగు మొహం చూళ్ళేదు. నేను అద్దాలు తుడుచుకుని మరీ చూశాను.”

“గోధుమరంగు తలుపు సార్.”

“తలుపులు రంగులు కూడా మారుస్తాయన్నమాట.” ఆయన వెటకారంగా అనలేదు, అది ఇంకా ఇబ్బందిగా ఉంది. “ఇంకోటి. రెండు వీధుల అవతల, మీకు సంబంధం లేని పేటలో, ఒక ఇంటికి నూట పద్దెనిమిది కనబడింది. మీ దస్తూరీయే. ఇంట్లో ఎవరూ లేరు. ఇక్కడ లేనిది అక్కడ ఎందుకుందో నాకు అర్థం కాలేదు. నడవలేక దగ్గర్లో ఎక్కడో వేసేశారా?”

లెక్కలమ్మ ఆయన ముందున్న తన కాగితం వైపు చూసింది. అన్యాయంగా మాట పడ్డవాళ్ళు అరుస్తారని అనుకుంటాం గానీ, మొదట వాళ్ళకి తమ మీదే అనుమానం వస్తుంది. నిజంగా గోధుమరంగేనా. నిజంగా ఆ ఇల్లేనా.

“రేపు సాయంత్రం నా రిపోర్టు పంపాలి,” అన్నాడు భూతద్దం. “మీరంటే నాకు కోపం లేదమ్మా. చెరువు దెబ్బ తిన్నవాణ్ణి, అంతే.”

“రేపు పొద్దున నాతో రండి సార్. ఒక్క పూట.”

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, “తలుపు రంగు మారిందా,” అంది. “మీ మామగారి హయాంలో ఒక ఊళ్ళో మా అద్దె ఇల్లు వానకి ఎంత ఉబ్బిందంటే, తలుపు తీయలేక అయిదు రోజులు కిటికీలోంచి సంసారం చేశాం. అయినా రంగు మాత్రం మారలేదే.” తర్వాత చేట పక్కన పెట్టి, “భయపడకు. వెళ్ళింది నీ కాళ్ళు. కాళ్ళకి అబద్ధం చెప్పడం రాదు,” అంది.

మర్నాడు ఇద్దరూ సున్నం పిన్ని ఇంటికి వెళ్ళారు. వెనక వాటాకి నిజంగానే ఆకుపచ్చ తలుపుంది. లెక్కలమ్మ దాని ముందు నిలబడి, పెళ్ళిలో మారిపోయిన చెప్పుల జత చూసుకున్నట్టు చూసింది. కొలత అదే, చోటు అదే, తలుపు మాత్రం తనది కాదు. పిన్ని గోడకి అడ్డంగా నిలబడింది.

“పిన్నిగారూ, ఈ తలుపు మీద నేను నంబరు వేయలేదూ?”

“నా తలుపు మీద నువ్వెప్పుడేశావు? వేస్తే ఊరుకుంటానా?”

భూతద్దం తల పంకించాడు.

“మీరే కదండీ తలుపు మీద వేసుకోమన్నారు.”

“అది నా తలుపా ఏమిటి? వాళ్ళది. నా తలుపు కొట్టంలో పడుంది అప్పుడు. వాళ్ళు పోతూ పోతూ తీసి బిగించి పోయారు.”

“ఎవరు పోతూ?” అన్నాడు భూతద్దం.

“వడ్రంగీ వాడి పెళ్ళామూ. పొట్టు గోడకంటుతోంది నాయనా అన్నాను. మంచిగానే అన్నాను. మొన్న గురువారం పోయారు.”

“మరి తలుపు?”

“పట్టుకుపోయారు.”

“తలుపు పట్టుకుపోవడమేంటమ్మా?”

“నన్నడుగుతావేం? మంచం పట్టుకుపోతారు, బిందె పట్టుకుపోతారు, వాళ్ళు తలుపు కూడా పట్టుకుపోతారు. వచ్చినప్పుడూ తెచ్చుకునే వచ్చారు. ఎవడి పిచ్చి వాడికానందం. నా గోడ ముట్టలేదు, నాకదే పదివేలు.”

భూతద్దం కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి మాయమైన ఇళ్ళు చూశాడు, మాయమైన మనుషుల్ని చూశాడు. నడిచి వెళ్ళిపోయిన నంబరుని ఇదే చూడటం.

రెండు వీధుల అవతల సందులోకి వెళ్ళేసరికి గోధుమరంగు తలుపు బార్లా తెరిచి ఉంది. దాని మీద ఎర్రగా నూట పద్దెనిమిది. పక్కింటి గోడ మీద ఏ నంబరూ లేదు, ఆ పేట లెక్కలాయన ఇంకా ఇటు రాలేదు. వడ్రంగి వాకిట్లో స్టూలు కాలికి ఉలి పెట్టి కూర్చున్నాడు. అతని భార్య లెక్కలమ్మని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

“అక్కా, ఇంత దూరం వచ్చావా? చూశావా, నీ నంబరు చెదరకుండా తెచ్చాం. తుడిచేద్దామన్నాడీయన, ప్రభుత్వం వాళ్ళ నంబరు తుడిస్తే ఏమవుతుందోనని నేనే వద్దన్నాను.”

లెక్కలమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. భూతద్దం తలుపు దగ్గరికి వంగి నంబరు చూశాడు, మడతబందులు చూశాడు, పక్కన కొత్తగా బిగించిన చెక్క పట్టీ చూశాడు.

“ఏమయ్యా, ఎక్కడికి పోయినా ఈ తలుపు మోసుకుపోతావా?”

“అవునండీ.”

“గుమ్మాలన్నీ ఒక కొలత ఉండవుగా.”

“తలుపు కాస్త చిన్నదిగానే చేశానండీ. గుమ్మం పెద్దదైతే పక్కన పట్టీ వేస్తా. గుమ్మం చిన్నదైతే ఆ ఇంట్లో దిగం.”

“అందరూ గాలీ వెలుతురూ చూసి ఇల్లు తీసుకుంటారు సార్,” అంది భార్య. “మేం టేపు పట్టుకుని గుమ్మం కొలుస్తాం. ఇల్లు చూడ్డానికి వచ్చి ఇల్లు చూడకుండా పోతారేమిటని నవ్వుతారు.”

“ఎందుకింత తాపత్రయం?”

వడ్రంగి ఉలి కింద పెట్టాడు. చెప్పింది మాత్రం అతని భార్యే. పెళ్ళైన కొత్తలో, మొదటి అద్దె ఇంట్లో, ఒకరోజు ఇద్దరూ పనికి పోయి వచ్చేసరికి ఇంటాయన తన తాళం వేసేసుకున్నాడు. ఏదో మాట పట్టింపు. లోపల వాళ్ళ సామాన్లు, పొయ్యి మీద సగం ఉడికిన కూర. బయట వాళ్ళు. తలుపు ఆయనది, తాళం ఆయనది, కనక అడగడానికేమీ లేదు. తెల్లారాక చుట్టుపక్కలవాళ్ళు సర్ది చెబితే తీశాడు.

“ఆ వారమే ఈయన ఈ తలుపు మొదలుపెట్టాడు. గోడలు వాళ్ళవి, కప్పు వాళ్ళది. తలుపు మాది. మేం వేస్తే పడుతుంది, మేం తీస్తే వస్తుంది. ఆ మాత్రం ఉంటే ఎక్కడైనా నిద్ర పడుతుంది అక్కా.”

చేపల్ని కూడా అనుమానంగా చూసే భూతద్దానికి అప్పుడు మాత్రం అద్దాల వెనక కళ్ళు వేరేగా ఉన్నాయి. లెక్కలమ్మని పక్కకి పిలిచాడు.

“అమ్మా, మీ తప్పేం లేదని తేలింది. గోడ మీద వేయకపోవడం తప్పే, కానీ ఆ పిన్నిని చూశాక నేనూ తలుపు మీదే వేసేవాణ్ణి. చిక్కెక్కడంటే, ఫోటోలో నంబరు ఆ ఇంటి మీద ఉండాలి. లేకపోతే మీ కాగితం మీద ‘ఇల్లు దొరకలేదు’ అని పడుతుంది. పైవాళ్ళు కథలు చదవరు. మచ్చ ఉందా లేదా అదే చూస్తారు. ఇద్దరికి చోటుంది, మచ్చ లేనివాళ్ళు మీరు కాక ముగ్గురున్నారు.”

“అయితే ఎలా సార్?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఈ తలుపు ఒక్క గంట అక్కడ బిగిస్తే ఫోటో తీసుకుంటాను. అబద్ధం కాదుగా, మొన్నటిదాకా అక్కడే ఉంది.”

వడ్రంగి వెంటనే లేచాడు. “దానికేముంది సార్, బిగించడం నా పనే. మీరు ఒక కొస పట్టుకోండి.”

అతని భార్య లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చుకుంది. మడతబందుల మేకులు ఊడి, తలుపు పక్కకి రాగానే, గుమ్మానికి అడ్డంగా దుప్పటి కట్టబోయింది. ఒక కొస నిలవలేదు. ఆ కొస చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“తొందరగా తెచ్చేస్తారుగా అక్కా,” అంది.

“ఇదిగో, ఇప్పుడే,” అంది లెక్కలమ్మ.

తలుపు ఊరేగింపు బయల్దేరింది. ముందు వడ్రంగి, వెనక భూతద్దం, పక్కన సంచితో లెక్కలమ్మ. నడివీధిలో తలుపు నడిచి వెళ్తుంటే ఊరుకునే ఊరెక్కడుంది.

“ఎవరిదండీ తలుపు?”

“ఇల్లెక్కడండీ దీనికి?”

“ఇల్లు వెనక వస్తోంది, దారివ్వండి,” అన్నాడు టీ కొట్టతను. బెంచీల మీద వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. భూతద్దం చెమటలు కక్కుతూ, అద్దాలు ముక్కు చివరికి జారుతున్నా చేతులు ఖాళీ లేక, మొహం ఎత్తి గుడ్డివాడిలా నడిచాడు. ఆ తలుపు బరువు గురించి ఆయన తర్వాత తర్వాత చెప్పిన లెక్క ప్రకారం అది ఏనుగు కన్నా కాస్త తక్కువ.

లెక్కలమ్మకి ఆ నవ్వులేవీ ఎక్కలేదు. కళ్ళ ముందు దుప్పటి కొసే ఉంది. తను ఈ ఊళ్ళో నిలబడాలి, నిజమే. దానికోసం ఒకావిడ తలుపు లేని గుమ్మంలో, చేత్తో గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. గంటే కావచ్చు. ఆవిడకి తాళం పడిన ఆ పూట కూడా మొదట గంటే అనిపించి ఉంటుంది. ఇంతా చేసి ఫోటోలో ఏముంటుంది? ఎవరూ లేని వాటాకి ఒక తలుపు. రేపెవరో ఆ కాగితం చూసి, ఈ ఇంటివాళ్ళు కదల్లేదు, ఇక్కడే ఉన్నారు అనుకుంటారు.

వీధి మలుపులో ఆగింది.

“దించండి సార్.”

“ఇంకెంత, ఆ మలుపు తిరిగితే సున్నం గోడే.”

“దించండి. అక్కడెవరూ లేరు సార్. ఉన్నట్టు ఫోటో తీయడానికి పోతున్నాం.”

తలుపుని ఒక ప్రహరీకి ఆనించారు. భూతద్దం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “మొన్నటిదాకా ఉన్నారుగా అమ్మా.”

“ఉన్నారు, పోయారు. మనం ఊరూరా తిరిగి అడుగుతున్నది అదే కదా. ఎవరు కదిలారని అడగడానికి వచ్చి, కళ్ళ ముందు కదిలినవాళ్ళని కదల్లేదని రాస్తే, ఆ చెరువాయన చేపల్ని రాసినదానికీ దీనికీ తేడా ఏముంది?”

చేపల మాట ఆయనకి గట్టిగానే తగిలింది.

“మచ్చ పడుతుందమ్మా.”

“పడనివ్వండి.”

“ఉద్యోగం పోతుంది.”

“తెలుసు సార్.” “ముందు ఆవిడ తలుపు ఆవిడకి ఇచ్చేద్దాం. దుప్పటి పట్టుకుని నిలబడింది.”

వడ్రంగి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “మళ్ళీ అటేనా సార్?” అన్నాడు.

“అటే,” అన్నాడు భూతద్దం, చేతులు దులుపుకుని. “ఈసారి ముందు నేను పడతా. వెనకైతే నువ్వు తప్ప ఏం కనబడదు.”

టీ కొట్టు ముందు మళ్ళీ నవ్వులు. “ఇల్లు దొరకలేదేంటండీ?” అని ఎవరో అన్నారు. “దొరికింది, అదే సందు,” అన్నాడు భూతద్దం. ఆయన నవ్వడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి చూడటమని టీ కొట్టతను పందెం వేస్తాడు.

తలుపు బిగించారు. భార్య దుప్పటి మడత పెట్టి, ఏమైందని అడగకుండా టీ పెట్టింది. భూతద్దం ఆ గుమ్మం ముందే కూర్చుని తన రిపోర్టు రాశాడు. ‘నూట పద్దెనిమిది: లెక్కకీ తనిఖీకీ మధ్య కుటుంబం రెండు వీధుల అవతలికి మారినది. నంబరు కుటుంబం వెంటే ఉన్నది. లెక్క నిజము.’ ఫోటో అక్కడే, ఆ సందులోనే తీశాడు.

“తలుపు మోసిన సంగతి కూడా రాయనా?” అన్నాడు కాగితం మడుస్తూ.

“అదెందుకులెండి సార్,” అంది లెక్కలమ్మ. “రెండు కొసలూ పట్టుకున్నది మీరే.”

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. ఈలోగా మొగుడికి బదిలీ కాగితం వచ్చింది. లెక్కలమ్మ అటక మీది గోనెసంచులు దింపి దులిపింది. అత్తగారు ఆ దుమ్ముకి తుమ్మి, అది దుమ్ము వల్లేనని రెండుసార్లు చెప్పింది.

పైన ఆఫీసులో జరిగింది భూతద్దం వచ్చి చెబితే తెలిసింది. నూట పద్దెనిమిది ఒక్కటి తప్ప, రాష్ట్రం నలుమూలలనుంచీ వచ్చిన తనిఖీ కాగితాలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయట. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. లెక్క రాసిన రోజుకీ తనిఖీ రోజుకీ మధ్య ఒక్క కుటుంబమూ, ఏ ఊళ్ళోనూ, ఇల్లు మారలేదట. పెద్దాఫీసరు అది చూసి మొదట సంతోషించాడు. తర్వాత, తనే ఆ నెలలో అద్దె ఇల్లు మారాడన్న సంగతి గుర్తొచ్చి ఆలోచనలో పడ్డాడు. ఇల్లు మారేవాళ్ళ మీద ఇంత పెద్ద సర్వే చేస్తే, మారినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు దొరికారు, అదీ ఒక తలుపుతో సహా. మిగతా కాగితాలన్నీ మళ్ళీ తనిఖీ చేయమన్నారు. ఇల్లు మారినవాళ్ళని వెతికి పట్టుకునే పని ఒకటి కొత్తగా పెట్టి, అది లెక్కలమ్మకిచ్చారు. పర్మనెంటు. ఈ ఊరే.

“మీ ఫోటో గోడకి పెట్టారమ్మా పైన,” అన్నాడు భూతద్దం. “మీది కాదులెండి, తలుపుది.”

ఆర్డరు చేతికొచ్చింది గానీ మొగుడి బదిలీ ఆగలేదు. ఇద్దరినీ ఒకచోట ఉంచమని అర్జీ పెట్టుకోవచ్చట, అది కదలడానికి దాని టైము దానికి పడుతుంది. అతను మంచివాడే. భార్య ఆర్డరుని రెండుసార్లు చదివి, “నువ్విక్కడే ఉండు, నేను వెళ్ళొస్తుంటాను,” అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, “నువ్వు నాతో వస్తావుగా అమ్మా,” అన్నాడు, అదేదో అడగక్కర్లేని విషయంలా.

అత్తగారు తమలపాకుకి ఈనె తీస్తూ తల ఎత్తలేదు.

“మీ నాన్న వెంట తిరిగాను. నీ వెంట తిరిగాను. ఎక్కడా ఒక్క పక్కింటావిడతోనూ దెబ్బలాట పూర్తి చేయలేదురా. ప్రతిసారీ సగంలో లారీ వచ్చేసేది. ఇక్కడ ఎదురింటావిడతో ఇప్పుడిప్పుడే రుచిగా మొదలైంది. నేను రాను.”

“నాకు వంటో?”

“నేర్చుకో. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నువ్వు తిరుగు, నేనిక్కడుండి తిడతాను. మీ ఆవిడ సంపాదిస్తుంది. సంసారం సరిపోయింది.”

అతను నవ్వాడు గానీ, ఆ నవ్వు నోటి దగ్గరే ఆగిపోయింది. లెక్కలమ్మ అది చూసింది. సోమవారం పొద్దున బస్టాండుకి తనే వెళ్ళి ఎక్కించింది. అతని చేతిలో ఒకే ఒక్క సంచి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంతకాలం లారీ ముందు సీట్లో కూర్చుని వెళ్ళిన మనిషి. “శనివారం,” అన్నాడు కిటికీలోంచి. “శనివారం,” అంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత, ఆ రోజు వెతకాల్సిన మొదటి ఇల్లు ఊరికి అటు కొసన ఉందని గుర్తొచ్చి, తిన్నగా అటు నడిచింది.